రెండు వాకిళ్ల బడి

మా నాయనకు మంచితనం ఎక్కువ. ఊరంతా దాన్ని గుణం అనేది, నేను మాత్రం రోగం అంటాను. ప్రొద్దుటూరులో నిమ్మళంగా పంతులుగిరీ చేసుకుంటున్న మనిషి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, బడి ముఖం చూడని ఒక నల్లరేగడి పల్లెకు అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరాడు. జమ్మలమడుగులో బస్సు దిగి ఎద్దులబండిలో పోవాలి. అమ్మ కూడా ట్రైనింగు అయిన టీచరే. ఆయన ఎక్కడంటే అక్కడ.

ఆ ఊరికి పోస్టు డబ్బా వచ్చింది నాయన రాసిన అర్జీలతోనే. మంచినీళ్ల బావి తవ్వించిందీ ఆయనే. అమ్మ ఇల్లిల్లూ తిరిగి, తల్లులతో పోట్లాడి ఆడపిల్లల్ని బడికి లాక్కొచ్చేది. ఇంత చేసినా బడికి సగం ఊరే వచ్చేది. తూర్పు వీధికీ పడమటి వీధికీ నేను పుట్టకముందు నుంచీ కక్ష. నాయన బడి మొదలుపెట్టింది తూర్పు వీధి చావడిలో కాబట్టి పడమటి పిల్లలు గుమ్మం తొక్కరు.

నాయన రెండు వీధులవాళ్ల కాళ్లావేళ్లా పడి, మధ్యలో ఉన్న ఖాళీ స్థలంలో మిద్దె వేయించాడు. నాపరాళ్లు తూర్పువాళ్లవి, దూలాలు పడమటివాళ్లవి. అంతా అయ్యాక పడమటి పెద్దాయన అడ్డం తిరిగాడు.

"వాళ్లు తొక్కిన వాకిట్లో మా పిల్లోళ్లు అడుగు పెట్టరు అయ్యవారూ. మాకు యేరే వాకిలి పెట్టండి."

నాయన సరేనన్నాడు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. "లోపలికొచ్చినాక అంతా ఒకటే కదా, ఏ వాకిట్లో వస్తే ఏముంది?" అని నాయన సముదాయించాడు. కొన్నాళ్లు ఆయన మాటే నిజమైంది. పిల్లలు చెరో వాకిట్లోంచి వచ్చి ఒకే చాప మీద కూర్చున్నారు. నాయన మురిసిపోయాడు. అది చూసి నేనూ మురిశాను.

తర్వాత పులివెందుల సంతకు పోయి వస్తున్న తూర్పు వీధి మనిషిని దారిలో నరికి చంపారు. మరుసటి రోజు బడిలో మేము ముగ్గురమే. రోజూ నాయన పలకలన్నీ తుడిచి పెట్టుకుని కూర్చునేవాడు, ఎవరూ వచ్చేవారు కాదు. బడి ఎత్తేస్తారన్న దిగులుతో ఆయన సగమైపోయాడు. చివరికి ఎవరూ అడగకుండానే తానే మనుషుల్ని పెట్టి గది మధ్యన నాపరాళ్లు గోడలాగా నిలబెట్టించాడు.

"కొన్నాళ్లే. కోపాలు చల్లారినాక తీసేద్దాం," అన్నాడు.

తూర్పు పక్క నాయన, పడమటి పక్క అమ్మ. పిల్లలు మళ్లీ వచ్చారు. అవతలి పక్క వినబడాలని ఇవతల గొంతు చించుకుని ఎక్కాలు చదివేవాళ్లు. తనిఖీకి వచ్చిన కోస్తా ఆఫీసరు ఇంత హాజరు ఎక్కడా చూడలేదని మెచ్చుకుని పోయాడు. ఆ మెప్పు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, పంచాయతీ రేడియో వచ్చింది, గోడ మాత్రం పోలేదు. ఊళ్లో నాయన తూర్పు అయ్యవారు అయ్యాడు, అమ్మ పడమటి అయ్యవారమ్మ. ఒకే పొయ్యి మీద వండుకు తినే మొగుడూ పెళ్లాలు!

ఒక ఎండాకాలం పొద్దున నాయన గుండెనొప్పితో పోయాడు. తూర్పు వీధి అంతా కదిలి వచ్చింది. పాడె కట్టింది వాళ్లే, నీళ్లు మోసిందీ వాళ్లే. శవం పక్కన కూర్చున్న అమ్మ ఏడవకుండా పడమటి వీధి వైపే చూస్తోంది. తాను చేయి పట్టి దిద్దించిన పిల్లలు, ఇంట్లో పడుకోబెట్టి జ్వరానికి మందు పోసిన పిల్లలు అందరూ అక్కడే ఉన్నారు. నేను ఉండబట్టలేక ఆ వీధి మొగదలకు పోయి, ఒక్కరూ ఎందుకు రాలేదని పెద్దాయన్ని అడిగాను.

"మీ అమ్మంటే మాకు పానం పాపా," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. "అయ్యవారు ఆ పక్కోడు గదా. ఆడికి మేమెట్లా వస్తాం?"

ఆ మాట తిరిగొచ్చి అమ్మకు చెప్పక తప్పలేదు. పాడె లేపుతున్నారు. నేను పడమటి వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ నా చేయి పట్టుకుంది.

"వాళ్లననద్దు పాపా. పసిపిల్లలప్పటి నుంచి మేం దినామూ నేర్పించింది అదే గదా," అంది. అప్పుడు ఏడ్చింది.