అద్దం కాడకు ఎర్ర బ్యాండు

మా వదిన బండికి పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు లేదు. కిలోమీటర్ల మీటరు ఒకటుండేదిగాని, దాని తీగ ఏనాడో తెగిపోయింది. బాగు చేయించుకోవచ్చు కదా అంటే, "అది చెప్పకపోతే నాకు తెలియదా ఏంటి?" అనేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మా అమ్మ సణిగేది.

వదినది బండి మీద తిరిగే ఉద్యోగం. ఊరి చుట్టూ ఉన్న చిన్న చిన్న క్లినిక్కులకు వెళ్ళి, రక్తం సీసాలు ఐసుపెట్టెలో సర్దుకొని, పట్నంలో పెద్దాసుపత్రి ల్యాబుకు చేర్చాలి. ఎండకు సీసాలు పాడైతే ఎవరికో మళ్ళీ సూది గుచ్చాలి. అందుకని దారిలో బండి ఆగడమంటే ఆమెకు పరువు పోయినట్టే.

రోజూ పొద్దున బండి తీసేముందు పెరట్లో ఒక తంతు జరిగేది. హ్యాండిలు రెండు చేతులా పట్టుకొని, ఉయ్యాల్లో పిల్లను ఊపినట్టు బండిని అటూ ఇటూ ఊపి, ట్యాంకుకు చెవి ఆనించేది. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. నిండా ఉంటే చప్పుడు రాదట. సగానికి వస్తే గళగళలాడుతుందట. అడుగంటితే పళ్ళెంలో నీళ్ళు చిందినట్టు సన్నగా వినిపిస్తుందట. ఎండలో తిరిగి వచ్చాక మరో పరీక్ష ఉండేది. ట్యాంకు పక్కన అరచేయి పెట్టి పైనుంచి కిందికి జరిపేది. ఇనుము ఎక్కడ చల్లబడిందో అక్కడిదాకా పెట్రోలు ఉన్నట్టు.

"ఏం డాక్టరమ్మా, నాడి దొరికిందా?" అని మేడ మీద నుంచి నేను అడిగేదాన్ని. నేనూ మా ఆయనా పై వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన పొరుగూరిలో ఉద్యోగం, వారానికొకసారి వచ్చేవాడు.

"దొరికింది. ముందు నీ నోటికి మందెయ్యాలి" అనేది వదిన.

సాయంత్రాలు అన్నయ్య కూడా ఆ బండే వాడేవాడు. అన్నయ్యకు అంత చెవీ లేదు, అంత ఓపికా లేదు. ఆగిపోయేదాకా తోలి, ఆగాక ట్యాపు తిప్పే రకం. ట్యాంకు కింద ఎడమవైపు ఒక చిన్న ట్యాపు ఉంటుంది. మామూలుగా దాన్ని ఆన్‌లో ఉంచుతారు. పెట్రోలు తగ్గి బండి వెక్కిళ్ళు పెట్టినప్పుడు రిజర్వ్‌కు తిప్పితే, అడుగున మిగిలింది వచ్చి బంకు దాకా చేరుస్తుంది. ఒకరు రిజర్వ్‌కు తిప్పి ఊరుకుంటే, ఆ తర్వాత తీసినవాళ్ళు నడిరోడ్డు మీద నిలబడాల్సిందే. పెళ్ళైన కొత్తలో వదిన రక్తం సీసాలతో అలా నిలబడింది. ఆ రాత్రి అన్నయ్యకు ఏం వడ్డించిందో నాకు తెలియదుగాని, మర్నాటినుంచి ఇంట్లో ఒక కట్టుబాటు వచ్చింది. రిజర్వ్‌కు తిప్పినవాళ్ళు ఎడమ అద్దం కాడకు ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టాలి. పెట్రోలు పోయించి ట్యాపును ఆన్‌కు తిప్పాకే దాన్ని తీయాలి. బ్యాండు లేదంటే రిజర్వ్ చేతిలో ఉన్నట్టే.

ఇది వాళ్ళిద్దరికీ తెలుసు, చూస్తూ ఉంటాను గనుక నాకూ తెలుసు. అమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమెకు బండితో ఏం పని? ఆమె లోకం వంటిల్లు. పాలకవరు కడిగి ఆరబెట్టే మనిషి, దారం ముక్క దొరికినా ఉండచుట్టి దాచే మనిషి.

ఆ రోజు సెలవు. అన్నయ్య పెందలాడే స్నేహితుడి వ్యానులో ఎక్కడికో పని మీద వెళ్ళాడు. నేను కింద అమ్మ దగ్గర బట్టలు మడతపెడుతున్నాను. నా కూతురు పిచ్చుక మంచం కింద దూరి ఆడుకుంటోంది. దానికి మూడేళ్ళు. ఒక్కచోట కుదురుగా ఉండదని ఆ పేరు. ఉన్నట్టుండి దగ్గు వినిపించింది. బయటికి లాగితే నోటి వెంట చొంగ ఆగకుండా కారుతోంది. పక్కన లైటు రిమోటు మూత ఊడి పడివుంది.

వీపు మీద చరుస్తున్నాను. వదిన వచ్చి రిమోటు చేతిలోకి తీసుకుంది. అందులో బిళ్ళలాంటి బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బంగారూ, మింగేశావా?"

పిచ్చుక గొంతు మీద వేలు పెట్టి చూపించింది.

వదిన ల్యాబు డాక్టరుకు ఫోను చేసింది. ఆయన మాటలు నాకూ వినిపించాయి. "రూపాయి బిళ్ళయితే భయం లేదమ్మా, ఇది బ్యాటరీ. గొంతులో ఇరుక్కుంటే అక్కడ కాలుస్తూనే ఉంటుంది. వాంతి చేయించొద్దు. ఉన్నపళంగా తీసుకొచ్చెయ్యండి, నేను లోపల చెప్పి ఉంచుతా."

కాలుస్తూనే ఉంటుంది అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. అంబులెన్సుకు చేస్తే, ఏదో ప్రమాదానికి ఊరవతలకు వెళ్ళింది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. సెలవు కాబట్టి బస్సూ లేదు, వీధి చివర ఆటో కూడా లేదు.

వదిన పెరట్లోకి పరుగెత్తి బండి హ్యాండిలు పట్టుకుంది. అలవాటు కొద్దీ ఊపింది. ట్యాంకుకు చెవి ఆనించింది. పిచ్చుక నా చంకలో గుక్కపట్టి ఏడుస్తోంది, అమ్మ గుండెలు బాదుకుంటోంది, గోడ మీద నుంచి పక్కింటివాళ్ళు తలో సలహా పారేస్తున్నారు. ఆ గోలలో ట్యాంకు మాట ఎవరికి వినబడుతుంది? వదిన తలెత్తి ఎడమ అద్దం కాడ చూసింది. బ్యాండు లేదు. ఇన్నేళ్ళలో ఆ అద్దం ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

"రిజర్వ్ ఉంది. ఎక్కు" అంది.

ఊరు దాటాక దారి రెండుగా చీలుతుంది. పెద్దరోడ్డు చుట్టు, దాని మీద బంకు ఉంది. క్వారీ రోడ్డు దగ్గరి దారి, దాని మీద రాళ్ళు తప్ప ఏమీ లేవు. చీలిక దగ్గర వదిన బండి నెమ్మది చేసి మరోసారి అద్దం కాడ చూసింది. క్వారీ వైపు తిప్పింది.

క్వారీ ఆ రోజు మూసి ఉంది. రాళ్ళు పిండిచేసే యంత్రం దుమ్ము కప్పుకొని నిలబడి ఉంది. లారీ లేదు, కాపలావాడు లేడు. మా ఇద్దరి మధ్య పిచ్చుక ఏడుపు మానేసింది. ఏడుస్తుంటేనే నయమనిపించింది. దాని ఊపిరి గరగరలాడుతుంటే నా భుజానికి తగులుతోంది.

బండి ఒక్కసారి వెక్కింది. మళ్ళీ వెక్కింది.

వదిన ఎడమ చెయ్యి చూడకుండానే ట్యాంకు కిందికి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఏమైంది వదినా?"

"ట్యాపు రిజర్వ్‌లోనే ఉంది."

ఇంజను ఆగిపోయింది. ఆ తర్వాత చక్రాల కింద కంకర చప్పుడు, తర్వాత అదీ లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ముందుకు వెళ్ళాలన్నా వెనక్కు వెళ్ళాలన్నా పిల్లనెత్తుకొని పరుగెత్తే దూరం కాదు.

నాకు ఒళ్ళు తెలియలేదు. "రోజూ ఊపుతావు, చెవి పెడతావు! ఇవాళ నా పిల్ల ప్రాణం మీదికొచ్చినప్పుడేనా..." అని అరిచాను. నా నోరు మంచిది కాదని అందరూ అనేదే.

వదిన ట్యాపు వదిలి హ్యాండిలు పట్టుకుంది. "దిగు. పిల్లను పట్టుకొని అటు జరుగు" అంది.

నేను దిగాక బండిని ఎడమవైపుకు వంచడం మొదలుపెట్టింది. వంచి వంచి, నడుముతో ఆపుకుంటూ, నేలకు ఆనేదాకా పడుకోబెట్టింది. మతిపోయిందేమో అనుకున్నాను.

"ట్యాంకు కింద మధ్యలో గాడి ఉంటుంది" అంది, రొప్పుతూ. "ట్యాపు ఇటుంది. అటుపక్క జేబులో కాస్త ఎప్పుడూ మిగిలిపోతుంది. దాన్ని ఇటు దొర్లించాలి."

మోకాళ్ళ మీద కూర్చొని ట్యాంకుకు చెవి ఆనించింది. అక్కడ అమ్మ లేదు, పక్కింటివాళ్ళు లేరు. నేను పెదవులు కొరుక్కుంటూ నిలబడ్డాను. పిచ్చుక కూడా, రోజూ పెరట్లో చూసే ఆటే కదా, నోటి మీద వేలు పెట్టుకుంది.

వదిన ముఖం మారింది. "వచ్చింది" అంది.

ఒక్కతే బండిని పైకి లేపింది. మామూలప్పుడు పడిపోతే ఇద్దరం పట్టినా లేవని బండి అది. కిక్కు కొట్టింది. పలకలేదు. మళ్ళీ కొట్టింది. పలకలేదు. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ, తెలియనివాళ్ళను కూడా పిలిచాను. మూడోసారికి ఇంజను దగ్గి అందుకుంది.

"ఎంత దూరం వస్తుంది?"

"వచ్చినంత."

ఆ తర్వాత నేను పడ్డ నరకం వేరు. వదిన బండిని పెళ్ళినడక నడిపించింది. కాస్త పల్లం కనబడితే ఇంజను కట్టేసి జారనిచ్చేది. ఎత్తు వస్తే ముందుకు వంగి, చెయ్యి మాత్రం తిప్పేది కాదు. వెనక కూర్చున్న నాకు ఆ హ్యాండిలు లాక్కొని పూర్తిగా తిప్పేయాలనిపించింది.

"తొందరగా పోనివ్వు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"గట్టిగా తిప్పితే తాగేస్తుంది. ఇక్కడే ఆగిపోతాం."

పిచ్చుక నా చేతి మీద చొంగ కార్చింది. అందులో ఎర్రని జీర కనబడింది. "రక్తం" అన్నాను. వదిన వీపు బిగుసుకుంది. రోజంతా రక్తం మోసే మనిషి, ఆ ఒక్క మాటకు ఆమె భుజాలు వణకడం నాకు చేతులకు తెలిసింది. అయినా కుడిచెయ్యి మాత్రం అణువంత కూడా తిరగలేదు. కన్నతల్లిని, నేనైతే తిప్పేసేదాన్ని. నా పిల్లను అక్కడే క్వారీలో చంపుకొనేదాన్ని.

చివరి ఎత్తు మీదికి ఎక్కగానే బండి మళ్ళీ వెక్కింది. ఆగింది. కాని ఎదురుగా అంతా పల్లం, కింద పట్నం కనబడుతోంది. ఇంజను లేకుండా జారిపోయాం. హారను కొడుతూ, అరుస్తూ, మలుపులో కూరగాయల బండిని రాసుకుంటూ ఆసుపత్రి వీధిలో పడ్డాం. గేటు కనబడుతుండగా బండి నిలిచిపోయింది. వదిన దాన్ని స్టాండు కూడా వేయలేదు. రోడ్డు మధ్యలో వదిలేసింది. అది పక్కకు ఒరిగి పడిన చప్పుడు మా వెనక వినిపించింది. అప్పటికే ఆమె నా చేతుల్లోంచి పిచ్చుకను లాక్కొని పరుగెత్తుతోంది. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆమె వెనక నేను పరుగెత్తాను.

పిల్లను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు.

మేమిద్దరం బల్ల మీద కూర్చున్నాం. వదిన మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం గడ్డకట్టింది. తిట్టినందుకు క్షమించమని అడగడం చేతకాక, దాని చుట్టూ అంటిన దుమ్ము దులిపాను. అమ్మ ఫోను చేసినట్టుంది, కాసేపటికి అన్నయ్య ఆమెను స్నేహితుడి వ్యానులో ఎక్కించుకొని వచ్చాడు. అమ్మ చేతిలో సంచి. సంచిలో పాల ఫ్లాస్కు, తువ్వాలు, బ్రెడ్డు ప్యాకెట్టు. ఏ కష్టమొచ్చినా ముందు తిండి సర్దడం మా అమ్మకు అలవాటు.

దారిలో బండి ఆగిందని తెలియగానే అన్నయ్య వదిన మీద విరుచుకుపడ్డాడు. "నిన్న సాయంత్రమే రిజర్వ్‌లో పడింది. బ్యాండు చుట్టాను కదా! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?"

"బ్యాండు లేదు..." అనబోయి వదిన ఆగింది.

ఆమె చూపు ఎక్కడ ఆగిందో చూశాను. అమ్మ ఒళ్ళో బ్రెడ్డు ప్యాకెట్టు మూతికి, నాలుగు చుట్లు బిగించి, ఎర్ర రబ్బరు బ్యాండు.

"ఏం, మాట్లాడవే?" అన్నాడు అన్నయ్య.

"కంగారులో చూసుకోలేదండి" అంది వదిన.

"అంతేలే. రోజూ చెవులు రిక్కించి వింటుంది గాని, అసలు రోజున..." అంది అమ్మ, కళ్ళొత్తుకుంటూ. "పెట్రోలుందో లేదో చూసుకోవద్దటే అమ్మాయ్?"

"తప్పే అత్తయ్యా."

నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను. వదిన నా మణికట్టు పట్టుకొని, గోళ్ళు దిగేలా నొక్కింది. నీళ్ళు తాగుదామని నన్ను లేపి కుళాయి దగ్గరకు లాక్కెళ్ళింది.

"నువ్వెందుకు పడాలి?" అన్నాను.

"లోపల పిల్లకేమైనా అయితే, అది తన చేతి మీదుగా జరిగిందని తెలిస్తే ఆవిడకు ఇక ముద్ద దిగుతుందా?" అంది వదిన. "నన్ను నాలుగు మాటలంటే నేను అరిగిపోను. నోరు మూసుకో."

జీవితంలో మొదటిసారి మూసుకున్నాను.

తలుపు తెరుచుకుంది. బ్యాటరీ బయటికి వచ్చింది. అన్నవాహిక కాలింది, చిల్లు మాత్రం పడలేదు. కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచాలన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు. నేను వదిన మీద పడి, పదిమందీ చూస్తున్నా బావురుమన్నాను. అన్నయ్య కాగితాల పని మీద డాక్టరు వెంట వెళ్ళాడు.

అమ్మకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణం లేచొస్తే ఆమెకు గుర్తొచ్చేది ఒకటే. "ఇద్దరూ పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, తినండి" అంటూ ప్యాకెట్టు వదిన చేతిలో పెట్టింది. వదిన మెల్లగా బ్యాండు విప్పింది. బ్రెడ్డు ముక్క తీసి ముందు నాకిచ్చింది.

"ఆ బ్యాండు పారేయకు అమ్మాయ్" అంది అమ్మ. "మంచి గట్టిది. పొద్దున బండి అద్దానికి ఊరికే వేలాడుతుంటే తీసి పెట్టాను."

"పారేయను అత్తయ్యా" అంది వదిన. దాన్ని గాజుల వెనక మణికట్టుకు తొడుక్కొని, రోడ్డు మీద పడివున్న బండిని తోసుకొని బంకుకు వెళ్ళింది.