బజ్జీల పొట్లంలో కరపత్రం

పాత కరపత్రాన్ని రాజమండ్రి తీసుకెళ్ళి జిరాక్సు తీయిస్తానని టీచరమ్మకు మాట ఇచ్చి, మా ఊళ్ళోనే తీయించాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది. నిడదవోలు దాకా వెళ్ళి రైలెక్కడానికి బద్ధకించాను. ఎండగా ఉంది, పాసింజరు ఎప్పుడొస్తుందో తెలియదు, బజారులో కొట్టు ఉండగా అంత దూరం ఎందుకనుకున్నాను. ఇంతకు మించి కారణమేమీ లేదు.

టీచరమ్మ అంటే బడిలో చెప్పే టీచరు కాదు. లూథరన్ చర్చి వెనక వీధిలో, తన ఇంటి వసారాలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఆవిడ. తొంభైల మొదట్లో, ఊరిని కాపాడతాం, ధర్మాన్ని కాపాడతాం అంటూ కొందరు కుర్రాళ్ళూ, వాళ్ళ వెనక కొందరు పెద్దమనుషులూ ఒక గుంపుగా తయారయ్యారు. ఒకరోజు తెల్లారేసరికి ఇంటింటి గుమ్మంలోనూ వాళ్ళ కరపత్రం పడి ఉంది. అందులో ఆవిడ పేరు, వీధి పేరుతో సహా వేశారు. కుట్టుపని వంకతో పిల్లల మతం మారుస్తోందనీ, మానాభిమానాలున్న తల్లిదండ్రులెవరూ అక్కడికి పంపరనీ రాశారు. కింద సంతకం లేదు. ‘ఇట్లు, మీ శ్రేయోభిలాషులు’ అని ఉంది. వారం తిరక్కుండా వసారా ఖాళీ అయింది. మళ్ళీ పదకొండు మంది పిల్లలు చేరడానికి ఆవిడకు పదేళ్ళు పట్టింది.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఇలాంటి గుంపులు ఎలా పుడతాయి, మామూలు మనుషులు వాటి మాట ఎందుకు వింటారు అన్నదాని మీద పరిశోధన చేస్తున్నాను. నల్లచొక్కాలూ, గోధుమరంగు చొక్కాలూ వేసుకుని యూరప్ వీధుల్లో తిరిగిన ఫాసిస్టు, నాజీ మూకల గురించి రెండు అధ్యాయాలు రాసేశాను. ఎన్నడూ చూడని ఊళ్ళ గురించి కలం ఆగకుండా నడిచింది. మా ప్రాంతం గురించి రాయబోతే ఒక్క కాగితమూ దొరకలేదు. వేసినవాళ్ళు మేం వేయలేదంటారు, చదివినవాళ్ళు మేం చూడలేదంటారు. టీచరమ్మ ఒక్కరే ఆ కరపత్రం దాచారు, కుట్టుమిషను సొరుగులో.

“ఇస్తానండి. కానీ ఈ ఊళ్ళో ఎవరి కంటా పడకూడదు మాస్టారూ. ఇప్పుడిప్పుడే పిల్లలొస్తున్నారు,” అన్నారు ఇచ్చేటప్పుడు.

జిరాక్సు కొట్టులో పల్చటి ఆ కాగితం నాలుగుసార్లు వంకరగా పడింది. మళ్ళీ తియ్యి, మళ్ళీ తియ్యి అన్నాను. చివరికి బాగా వచ్చిన రెండు తీసుకుని, చెడిపోయినవి అక్కడే వదిలేసి వచ్చాను. సాయంత్రం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొనుక్కుని ఇంటికెళ్ళాను. మా ఆవిడ పొట్లం విప్పి, బజ్జీలు పళ్ళెంలో పోసి, నూనె కాగితాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

“ఇదేంటండీ, ఇది మళ్ళీ వేశారా?”

చూశాను. నేను వదిలేసిన కాగితమే. టీచరమ్మ పేరు మీద నూనె మరక.

చెప్పులు వేసుకుని బజ్జీల బండి దగ్గరికి పరిగెత్తాను.

“చెడిపోయిన కాయితాలు జిరాక్సాయనే ఇస్తాడండి. నేను చదివి పొట్లాలు కడతానా ఏంటండి? ఏం, లాటరీ టిక్కెట్టేమన్నా వదిలేశారా?” అన్నాడు బండాయన నవ్వుతూ.

పొట్లాలకని పెట్టుకున్న కాగితాల దస్తాలో వెతికితే ఒకటి దొరికింది. మిగతా రెండూ ఎవరింటికి వెళ్ళాయో ఆయనకు తెలియదు. ఆ గుంపు ఎప్పుడో చెదిరిపోయింది. దాన్ని నడిపిన పెద్దమనుషులు పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చుంటున్నారు. వాళ్ళ అబద్ధాన్ని మళ్ళీ ఊళ్ళోకి పంపడానికి వాళ్ళు వేలు కదపనక్కర్లేకపోయింది. చదువుకున్నవాణ్ణి నేనున్నాను.

ఇంటికి తిరిగొచ్చి వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆవిడ విని విని అంది: “మామూలు మనుషులు వాళ్ళ మాట ఎందుకు విన్నారని ఊళ్ళెంట తిరిగి అడుగుతున్నారుగా. అప్పుడు నన్ను మాన్పించినాయన్ని అడగండి.”

అది నిజం. పెళ్ళైన కొత్తలో తను టీచరమ్మ దగ్గర నేర్చుకునేది. కరపత్రం మా గుమ్మంలోనూ పడింది. మనకెందుకొచ్చిన గొడవ, మానెయ్యి అన్నాను. ఇన్నేళ్ళ తరవాత నోటుపుస్తకం పట్టుకుని టీచరమ్మ వసారాలో కూర్చుని, “అప్పుడు మీకు ఎలా అనిపించిందండి?” అని అడిగాను. ఇంత సిగ్గులేని ప్రశ్న ఇంకొకటి ఉండదు.

మర్నాడు టీచరమ్మ ఇంటికి వెళ్ళేసరికి వసారాలో ఏడుగురే ఉన్నారు. వీధి గుమ్మం దగ్గరే నిలబడి జిరాక్సు సంగతి చెప్పాను.

“ఎంతమంది చూశారండి?” అన్నారు.

“తెలీదండి.”

“అప్పుడూ ఇంతేనండి. ఎవరు చూశారో తెలీదు. పిల్లలు రావడం మానేస్తే తెలిసింది.”

మా ఆవిణ్ణి మాన్పించిన సంగతి కూడా చెప్పాను. టీచరమ్మ ఆశ్చర్యపోలేదు.

“తెలుసండి. జాకెట్టు కత్తిరించడం దాకా వచ్చి మానేశారావిడ. మీరే చెబుతారేమోనని చూశాను. మీరు ప్రశ్నలడుగుతూనే ఉన్నారు.” కత్తెర బల్ల మీద పెట్టారు. “మీ పుస్తకం నాకొద్దు మాస్టారూ. నా పిల్లలు నలుగురూ సోమవారానికి రావాలి.”

మూల కాగితం, మంచి కాపీలు రెండూ ఆవిడ చేతిలో పెట్టి, ఆ నలుగురి ఇళ్ళు అడిగి తెలుసుకున్నాను. సాయంత్రం మా ఆవిడా నేనూ బయల్దేరాం. మొదటి ఇంట్లో పిల్ల తల్లి బియ్యంలో రాళ్ళేరుతోంది. చేట దించలేదు.

“ఏంటండి మాస్టారూ, అప్పుడు మీ ఆవిణ్ణి మాన్పించారు, ఇప్పుడు మా పిల్లని పంపమంటున్నారు. పార్టీ మారారా ఏంటి?”

“ఆ కాగితం పాతదండి. నా నిర్లక్ష్యం వల్ల బయటికొచ్చింది. అందులో ఒక్క ముక్క నిజం లేదు. అప్పుడు కూడా అబద్ధమని తెలిసే మాన్పించాను.”

“తెలిసే?”

“తెలిసేనండి. నలుగురూ ఏమనుకుంటారోనని.”

ఆమె నన్ను వదిలేసి మా ఆవిడ వంక చూసింది. “ఈయన మాటకేం గాని, మీరు చెప్పండమ్మా. అక్కడ ప్రార్థనలూ అవీ చేయిస్తారా?”

“కాజాలు కుట్టించి చంపుతారండి. ఇంకో పనికి ఊపిరాడదు,” అంది మా ఆవిడ. ఆమెకు నవ్వొచ్చింది. సోమవారం పంపిస్తానంది.

రెండో ఇల్లూ, మూడో ఇల్లూ ఒప్పుకున్నాయి. నాలుగో ఇంటాయన, “ఇంట్లో ఎవరూ లేరండి,” అని కిటికీలోంచి తనే చెప్పి రెక్క వేసేసుకున్నాడు.

ఆదివారం ఆ ఇంటికి ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, అరుగు మీదే నిలబెట్టాడు. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు. ఒకప్పుడైతే వాళ్ళు చూస్తున్నారనే గొంతు తగ్గించేవాణ్ణి. ఆ రోజు వాళ్ళకూ వినపడేలా, ఆ కాగితంలో ఏముందో, అది ఎంత అబద్ధమో, దాన్ని అప్పుడు పాటించిందెవరో, ఇప్పుడు వీధిన పడేసిందెవరో అన్నీ చెప్పాను. సోమవారం ఆ పిల్ల ఒక్కతే రాలేదు. సాయంత్రం కాలేజీ అవగానే మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళి తలుపు తట్టాను.