చుక్కాని వీధి

పాత ఊళ్ళో పెద్దవాళ్ళ నోట మిగిలిన వీధుల పేర్లతో ఒక పటం వేద్దామని మా మిత్రులం నలుగురం అనుకున్నాం. పంతులమ్మని కాబట్టి, బడి లేని రోజుల్లో వీధులన్నీ తిరిగి పేర్లు రాసుకునే పని నాది.

పూర్ణా మార్కెట్ వెనక ఒక సందు పేరు అడిగితే కిళ్ళీకొట్టాయన "సుక్క..." అన్నాడు. మిగతాది ఆటో హారన్‌లో కలిసిపోయింది. ఎండ మండిపోతోంది, ఇంకా మూడు సందులున్నాయి. మళ్ళీ అడగకుండా 'చుక్కల వీధి' అని రాసేశాను.

పటం గోపాలపట్నంలోని ప్రెస్సుకి వెళ్ళిన మర్నాడు, అదే సందు మొదట్లో ఎండుచేపలు కొంటూ, అమ్ముతున్న ముసలామెతో ఆ పేరు చెప్పాను. ఆమె తక్కెడ కింద పెట్టింది.

"సుక్కలేటమ్మా? సుక్కాని వీధి. మా మాంగారు ఈ అరుగు మీదే పడవలకి సుక్కానులు సెక్కీవోడు."

నా మొహం చూసి నమ్మలేదనుకుందేమో, లోపలికెళ్ళి రేకుపెట్టెలోంచి ఒక పాత పోస్టుకార్డు తెచ్చింది. అండమాన్‌లో పనికి వెళ్ళినప్పుడు ఆమె భర్త ఎవరిచేతో రాయించి పంపిన కార్డు అది. చిరునామాలో స్పష్టంగా ఉంది, చుక్కాని వీధి అని.

ప్రెస్సుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చేపల సంచీతోనే బస్సెక్కాను. దారంతా ఒకటే బాధ. నాలుగు తరాల వాళ్ళు పిలుచుకున్న పేరుని నా బద్ధకం కొద్దీ చెరిపేశానే అని.

ప్రెస్సు లోపల మిషన్ చప్పుడు వినగానే పరుగున వెళ్ళి అడిగాను.

"మా పటం అయిపోయిందా అండీ?"

"ఇవి పెళ్ళికార్డులు మేడం. మీది ఇంకా ఎక్కించలేదు. నమూనాలో సముద్రం రంగు సరిగా రాలేదని నిన్ననే ఆపీసేం," అన్నాడు ప్రెస్సాయన.

అక్కడున్న స్టూలు మీద కూలబడి మంచినీళ్ళు అడిగి తాగాను. ఆయన కంప్యూటర్‌లో ఆ ఒక్క పేరూ దిద్దుతుంటే పక్కనే నిలబడి అక్షరం అక్షరం చూసుకున్నాను. ఎండుచేపల వాసనకి ఆయన ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో దిద్దాడు.

పది రోజుల తర్వాత అచ్చయిన పటం తీసుకెళ్ళాను. ముసలామెకి చదువు రాదు. కోడలు వేలు పెట్టి చదివి వినిపించింది. ఆమె పటంలో సముద్రపు నీలం రంగు మీద అరచేయి ఆన్చింది.

"సంద్రం ఇంత దూరం ఏసేరేటి? మా సిన్నప్పుడు ఇంకా దగ్గిరే. కూకో, సెప్తాను."

నేను పుస్తకం తీసి అరుగు మీద కూర్చున్నాను.