గూట్లో అక్కా తమ్ముడు

ఎల్వుడ్ బ్రాడ్‌షాకు ఉన్న పిచ్చి ఒక్కటే. మా పాయలో పడవలకు దారి చూపే కొయ్యస్తంభం మీద చేపల గద్దలు ఏటా గూడు కడతాయి. ఆ గూట్లో పుట్టిన పిల్లలకు ఆయన మా ఊరివాళ్ళ పేర్లు పెడతాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అవి చేసిన తప్పులకు ఆ పేరుగల మనుషుల్ని పట్టుకుని నిలదీస్తాడు.

పీతల వేట మానేసి పదకొండేళ్ళయినా ఊరంతా ఆయన్ని కెప్టెన్ అనే పిలుస్తుంది. పొద్దున్నే చిన్న పడవలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చెయ్యంత పొడుగు కెమెరాతో గూటికేసి చూస్తూ ఉంటాడు. మధ్యాహ్నానికల్లా ఒక ఫొటో, దాని కింద ఒక ముక్క రాత, నా కొట్టులో కాఫీ బల్ల పక్క గోడకు ఎక్కాల్సిందే.

ఒక ఆదివారం చర్చి గుమ్మంలోనే పాస్టరు గారిని ఆపేశాడు.

"ఏమండీ, నిన్న తోకెత్తి నా టోపీ మీద రెట్టేశారు. మీకిది తగునా?"

"క్షమించండి కెప్టెన్," అన్నారు పాస్టరు గారు అలవాటు కొద్దీ. ఆ పాపం తనది కాదని ఆయనకు ప్రార్థన సగంలో గానీ తట్టలేదు.

మొన్న వేసవిలో పుట్టిన రెండు పిల్లలకూ వెర్నా, వెస్ అని పేర్లు పెట్టేసరికి ఊళ్ళో గొడవ ఖాయమనుకున్నాను. అసలు వెర్నా, వెస్ అక్కాతమ్ముళ్ళు. తండ్రి కట్టిన చెక్క రేవు ఎవరిదని పోట్లాడుకుని, దాని నడిమధ్యన తెల్లరంగుతో గీత గీసుకున్నారు. తొమ్మిదేళ్ళుగా ఆమె పీతల బుట్టలు గీతకు ఈవల, అతనివి ఆవల. మాటల్లేవు. వెస్‌కు సెప్టెంబరులో గుండె ఆపరేషను. ఒంటివాడు, మంచం పక్కన కూర్చునే దిక్కు లేదు.

"కెప్టెన్, ఆ పేర్లు మార్చండి. మీకు పుణ్యముంటుంది," అని బతిమాలాను.

"బాప్తిస్మం అయిపోయింది లొరెట్టా. ఇక మార్చకూడదు."

మొదటి ఫొటో కింద: "వెర్నా చేపంతా మింగింది. వెస్‌కు తోక కూడా మిగల్చలేదు." మర్నాడు: "వెస్ పస్తు." ఆ మర్నాడు: "వెర్నా తమ్ముణ్ణి నెత్తిన పొడిచింది."

వెర్నా గాలివానలా వచ్చింది. "తీసెయ్యండి అది! నేనెప్పుడు పొడిచాను వాణ్ణి?"

"మీరు కాదు మిస్ వెర్నా, గద్ద. అయినా తమ్ముడికి కాస్త పెడితే మీ సొమ్మేం పోయింది?"

ఇక ఊరికి పండగే. పోస్టాఫీసులో, చర్చిలో, ఎక్కడ కనబడినా "ఏం మిస్ వెర్నా, ఇవాళైనా తమ్ముడికి పెట్టారా?" అనడమే. ఆమె అందర్నీ దులిపేసేది. కానీ రోజూ మధ్యాహ్నం వచ్చి ముందు గోడకేసే చూసేది. ఒకరోజు అక్కడ "వెస్ తిండి మాని మూడు రోజులు. కళ్ళు మూతలు పడుతున్నాయి" అని ఉంది.

"వాడు చిన్నప్పట్నుంచీ అంతే," అంది వెర్నా. "ఆకలేసినా నోరు తెరిచి అడగడు, వెధవ."

ఆ సాయంత్రం ఆమె పీతల సూపు గిన్నె పట్టుకుని తెల్లగీత దాటడం నేను కళ్ళారా చూశాను.

"నీ మీద ప్రేమతో కాదురా! ఆ పాడు గద్ద వల్ల ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా. తిను!"

వెస్ గిన్నె ఖాళీ చేశాడు. సెప్టెంబరులో ఆసుపత్రిలో అతని పక్క కుర్చీ ఆరు రోజులూ ఆమెదే. నర్సుల్ని కూడా కూర్చోనివ్వలేదట.

గద్దలు దక్షిణానికి వెళ్ళిపోయాక ఒకరోజు కెప్టెన్ కెమెరా నా చేతికిచ్చాడు. వందల ఫొటోలు. అన్నిట్లోనూ రెండు పిల్లలూ పక్కపక్కనే కూర్చుని, తల్లి చీల్చి పెడుతున్న చేపముక్కలు వంతులవారీగా తింటున్నాయి. రెండూ బంతుల్లా ఉన్నాయి.

"ఇందులో పస్తు ఎక్కడ కెప్టెన్? అసలు వెర్నా ఏది?"

"అంత దూరం నుంచి ఎవడికి తెలుస్తుంది? నోట్లో చేప ఉన్నది వెర్నా. లేనిది వెస్."

నవ్వి నవ్వి బల్ల మీద వాలిపోయాను. తేరుకుని చూస్తే ఆయన నాకేసే చూస్తున్నాడు.

"ఈస్టరు నుంచీ మీ చెల్లెలితో మాటల్లేవట కదా. ఆమె పేరేమిటి లొరెట్టా?"

"ఎందుకూ?"

"వసంతానికి రెండు పేర్లు కావాలి."

నేను ఫోను అందుకున్నాను.