జర ఆగు, ఎతుకుతున్నది

మా పెద్దసారు పోయారు. నాందేడ్ ఆస్పత్రి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. పత్తి సంఘం కంప్యూటర్ గదిలో నా పక్క కుర్చీ ఆయనది. దాని మీద ఎవరో టిఫిన్ డబ్బా పెట్టుకుంటే తీయమని కసురుకున్నాను. పాపం, వాళ్లకు ఇంకా తెలియదు.

ఈ ఎనభైల్లో మా సంఘానికి కంప్యూటర్ రాగానే అందరం పొంగిపోయాం. సభ్యుల వివరాలన్నీ అందులోకి ఎక్కించాం. తీరా పత్తి కాలం వచ్చేసరికి అది నత్తనడక పట్టింది. సభ్యుడి పేరు దొరికితేగాని కాంటా వేయకూడదు. వాకిట్లో బండ్లు బారులు తీరేవి, పైన మబ్బు పట్టేది. తడిసిన పత్తిని ఎవరు కొంటారు?

నేను యంత్రాన్ని తిట్టేవాణ్ని. ఆయన దాని ముందు వాచీ పెట్టుకుని కూర్చున్నారు. సభ్యుడి నంబర్ కొడితే జవాబు వెంటనే వస్తోంది, పేరు కొడితేనే ఆలస్యం.

"ఏ నంబర్ ఎక్కడున్నదో ముందే రాసి పెట్టుకున్నది. దానికి ఇండెక్స్ అంటరు. రైతుకు నంబర్ యాదుంటదా? పేరు, ఊరు చెప్తడు. మీ ఊరు మర్ఖేల్ మనిషి కావాల్నంటే ఇది జిల్లా అంత గడప గడప ఎక్కి అడుగుతున్నది. పోయినోళ్లను గూడ ఇడుస్తలేదు" అన్నారు.

"పేరు మీద ఇండెక్స్ పెడదాం సార్."

"గంగాధర్ అంటే సగం తాలూకా లేచి నిలవడ్తది. ఊరు మీద పెట్టు."

పెట్టాం. ఆ పూట పేర్లు టకటకా దొరికాయి. ఆయన మీసాల చాటున నవ్వుకున్నారు. మర్నాడు కొత్త సభ్యులను ఎక్కించబోతే డిస్క్‌లో చోటు లేదంది. ఉన్న కాస్త చోటునూ ఇండెక్సే మింగేసింది. చనిపోయిన సభ్యుల వివరాలు తీసే అధికారం మాకు లేదు. పెద్ద డిస్క్ కావాలని పై ఆఫీసును అడిగి అడిగి అలిసిపోయాం. చివరికి ఆయనే తన చేత్తో ఆ ఇండెక్స్ తీసేశారు. రోగం తెలుసు, మందూ తెలుసు, వేసే దారి లేదు.

ఆ తర్వాత కిటికీలోంచి ఎవరు తొంగి చూసినా అరచెయ్యి ఎత్తి చూపేవారు. మరాఠీ రైతులకు "థాంబా" అనేవారు. మన తెలుగువాళ్లకు "జర ఆగు కాకా, ఎతుకుతున్నది. లేదనలే కద" అనేవారు. ఒక మధ్యాహ్నం వాన రానే వచ్చింది. బండి మీద గొంగడి కప్పుతున్న ముసలాయనను చూస్తూ ఆ చెయ్యి దించడం మరిచిపోయారు.

ఆయనకు పక్షవాతం వచ్చాక ఆస్పత్రికి చూడడానికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పాను. ఊరు చెప్పాను.

"మర్ఖేల్, సార్."

ఆయన కళ్లు నా ముఖమంతా తిరిగాయి. పెదవులు కదిలాయిగాని మాట రాలేదు. ఏం చేయాలో నాకు తోచలేదు, ఏడుపొచ్చింది.

"ఎవ్వర్నీ గుర్తువడ్తలేరు బిడ్డా. నువ్వు పోయి బువ్వ తిను" అంది అమ్మ, ఆయన భార్య.

లేచాను. ఆయన దుప్పటిలోంచి మెల్లగా అరచెయ్యి ఎత్తి నాకు చూపించారు.

మళ్లీ కూర్చున్నాను. వేళయిందని నర్సు వచ్చి పంపేసేదాకా ఆ చెయ్యి దించలేదు.