అంబార్దే అని పిలిచారు

పోర్ట్ లూయిస్ రేవులో మా నాన్న చక్కెర బస్తాలను ఓడకు చేర్చే పడవకు చుక్కాని పట్టేవాడు. తాడు కట్టి లాగుతున్న పడవ ఉన్నట్టుండి దారి తప్పి పక్కకు కొట్టుకుపోతే, దాన్ని అక్కడి నావికులు ఫ్రెంచిలో 'అంబార్దే' అనేవారు. ఒకసారి అలాగే పక్కకు తిరిగిన పడవకూ ఓడకూ మధ్య ఆయన కాలు నలిగింది. గాయం మానింది గాని నడక వంకరపోయింది.

నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ పని అడగడానికి వెళ్ళాడు.

"చూడండ్రా, అంబార్దే వచ్చాడు!" అని అరిచాడు కూలీలను పనిలో పెట్టుకునే సర్దారు. "ఆ గోడ దాకా తిన్నగా నడువు, పనిస్తా."

నాన్న నడిచాడు. కూలీలు పగలబడి నవ్వారు.

"పక్కకు పోయావురా. అలే, కదులు, ఇంటికి పో!"

"రేపు బాగా నడుస్తాను, అయ్యా" అన్నాడు నాన్న.

ఆ వారమంతా రోజూ వెళ్ళి నడిచాడు. పని మాత్రం ఇవ్వలేదు.