తెరిచిన డబ్బాలోని బ్రేక్ ఫ్లూయిడ్

మస్కట్‌లో దిగినవాళ్లం తొమ్మిదిమందిమి. ఒక కెప్టెన్. నలుగురు రైడర్లు. ఒక స్టోర్ హవల్దార్. ఒక వైర్‌లెస్ ఆపరేటర్. ఒక వంటవాడు. ఒక మెకానిక్, అది నేను. మాకంటే ముందే ఓడలో చేరినవి: నాలుగు మోటోక్రాస్ బైకులు, రెండు పనిముట్ల పెట్టెలు, ఒక స్టోర్ కంటైనర్. 2008 మే నెల. ఒమాన్ దళంతో కలిసి ఆరు వారాల శిక్షణ. పొద్దున ఏడింటికే నలభై డిగ్రీలు.

క్యాంపు సీబ్ పట్టణం దాటాక, సముద్రానికీ కొండలకీ మధ్య గులకరాళ్ల మైదానంలో. ఒకవైపు నుంచి దుమ్ము, ఇంకోవైపు నుంచి ఉప్పుగాలి. తెల్లారేసరికి స్పానర్ల మీద నీటిబొట్లు ఉండేవి. ఆ తేమ ప్రతి వస్తువులోకీ దూరేది.

మూడో వారంలో ఒకటో నంబర్ బైక్ బ్రేక్ గొట్టాలు పగుళ్లిచ్చాయి, ముందుదీ వెనకదీ. కొత్తవి బిగించాను. పాత ఫ్లూయిడ్ మొత్తం పోయింది. మళ్లీ నింపాలి.

బండి విప్పని వాళ్ల కోసం చెబుతున్నాను. లివర్ నొక్కితే ఆ బలాన్ని చక్రం దాకా మోసేది గొట్టంలోని ద్రవం. ద్రవం కుంచించుకుపోదు. గాలి కుంచించుకుపోతుంది. లోపల బుడగ ఉంటే మీరు బుడగనే నొక్కుతారు, బ్రేకు పడదు. ఫ్లూయిడ్ వేడెక్కి మరిగినా ఆవిరి బుడగలొస్తాయి. ఫలితం అదే.

కంటైనర్ అరలో మూడు రకాలున్నాయి. డాట్ త్రీ, త్వరగా మరుగుతుంది. ఊదారంగు సిలికాన్ రకం, లారీలకు వాడేది, మా బైకులకు పనికిరాదు. డాట్ ఫోర్, కావలసింది అదే. అవి ఏడు డబ్బాలు. ఆరింటికి సీలు తియ్యలేదు. ఏడోది మన దేశంలోనే తెరిచింది. మూత పోయింది. నోటికి పాలిథీన్ కాగితం, దారం.

స్టోర్ హవల్దార్‌ది గుంటూరు జిల్లా. నాకు పదేళ్లు పెద్ద.

"ఉస్తాద్, సీలున్న డబ్బా ఇవ్వండి."

"తెరిచింది ఉందిగా. అది అవ్వందే కొత్తది తియ్యను."

"ఇది గాలిలో తేమ పీల్చుకుంటుంది ఉస్తాద్. నీళ్లు కలిస్తే తొందరగా మరుగుతుంది."

"పెయింటూ గ్రీజూ ఇట్టాగే ఇస్తన్నా ఇరవయ్యేళ్లుగా. నీ నూనొక్కటే అల్లుడయ్యిందా?"

తెరిచింది ముందు వాడాలి. మా దళంలో అందరి పద్ధతీ అదే. నేనూ ఆరేళ్లు పాటించాను. పెయింటుకు అది సరైన పద్ధతే.

వంటవాడి దగ్గర పాత గరిట తీసుకున్నాను. అందులో తెరిచిన డబ్బా ఫ్లూయిడ్ కొంచెం పోసి, స్టవ్ మీద పెట్టి, వర్క్‌షాప్ థర్మామీటర్ ముంచాను. కొత్త డాట్ ఫోర్ 230 డిగ్రీల లోపు మరగకూడదు. ఇది 148కి బుడగలేసింది.

"గరిటలో వేయించుకొచ్చావా?" అన్నాడు హవల్దార్. "రిజిస్టర్లో ఏం రాయమంటావ్, తాలింపనా?"

కెప్టెన్ దగ్గరికి వెళ్లి సీలున్న డబ్బా ఇప్పించమన్నాను. ఆయన మ్యాపు మీంచి తలెత్తలేదు. "స్టోర్ సంగతి స్టోర్ చూసుకుంటుంది. రేపు ఎనిమిదింటికి వాళ్ల కమాండర్ వస్తున్నారు. నాలుగు బైకులూ నిలబడాలి."

సాయంత్రం నాలుగున్నరకు తెరిచిన డబ్బాతోనే పని మొదలుపెట్టాను. ఒకటో నంబర్ రైడర్ లివర్ పట్టుకుని కూర్చున్నాడు. నిజామాబాద్ వైపు మనిషి. గాలి బయటికి తీసే బ్లీడ్ నిపుల్‌కు పారదర్శకమైన ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాను.

"నొక్కన్నా. నొక్కి పట్టుకో." నిపుల్ పావు చుట్టు విప్పాను. ఫ్లూయిడ్‌తో పాటు బుడగలొచ్చాయి. బిగించాను. "ఇప్పుడు వదులు."

"ఏంది తమ్మీ, బర్రెకు పాలు పిండుతున్నవా?"

"మళ్లీ నొక్కు."

"గీ పాలల్ల నురగే ఎక్కువుంది."

ముందు చక్రానికి ఇరవై నిమిషాలు, వెనక చక్రానికి ఇరవై అయిదు. చివరికి ఒక్క బుడగా రాలేదు. లివర్ రాయిలా నిలబడింది.

"అన్నా, దిగేటప్పుడు ఎక్కువసేపు నొక్కి పట్టుకోకు."

"బ్రేకు నొక్కక ముద్దు పెట్టుకోవాల్నా?" నవ్వాడు. "నీ చెయ్యి పడ్డంక నాకేం ఫికర్ లే."

148 సంగతి చెప్పలేదు. చెప్పినా ఎక్కేవాడే. అందుకని చెప్పకపోవడం సరైపోదు. 17.20కి బైక్ తనిఖీ కార్డు మీద "బ్రేకులు ఓకే" అని రాసి సంతకం పెట్టాను. పెట్టకుండా ఉండగలిగేవాణ్ణి.

మర్నాడు కొండవాలు మీంచి ఎండిన వాగులోకి దిగడం. ఒక్కో రైడర్ అయిదుసార్లు దిగాలి, మధ్యలో విరామం లేదు. 08.50కి ఉష్ణోగ్రత 43. ఆపరేటర్ వాగు దగ్గర, నేను పైన కెప్టెన్ పక్కన వైర్‌లెస్ సెట్టు దగ్గర.

"ఒకటో నంబర్ నాలుగోసారి దిగుతున్నాడు. ఓవర్."

"స్పీడెక్కువుంది. ఓవర్."

"తగ్గట్లేదు. సాబ్, తగ్గట్లేదు."

ఈసారి ఓవర్ అనలేదు.

వాగులో బండరాళ్లున్నాయి. కుడి తొడ ఎముక, తుంటి, వెన్నులో రెండు పూసలు. మస్కట్ దగ్గర బౌషర్‌లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మధ్యాహ్నం రెండింటికి బైక్ కంటైనర్ దగ్గరికి చేరింది. కెప్టెన్ లివర్ నొక్కాడు. హవల్దార్ పెడల్ తొక్కాడు. రెండూ గట్టిగా ఉన్నాయి. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. అదే చెప్పాను. గరిట సంగతీ చెప్పాను.

"ఓకే అని రాసింది నువ్వే కదా?"

"అవును సాబ్."

హవల్దార్ నా వైపు చూడలేదు.

నాలుగో రోజు ఆసుపత్రికి వెళ్లనిచ్చారు. అతని నడుం కింద ఏదీ కదలడం లేదు.

"తమ్మీ, బ్రేకెయ్యలేదంటున్నరట. నేనేసిన. లోపల ఏం దొరకలె. నువ్వన్న జెప్పు."

"చెప్పానన్నా."

"మళ్ల జెప్పు."

మళ్లీ చెప్పాను. లిఖితంగా ఇచ్చాను. నివేదికలో రైడర్ తప్పిదం అని వచ్చింది. నా కాగితం దానికి జత చేశారు. అంతకుమించి దానితో ఎవరూ ఏమీ చేయలేదు.

జూన్ చివర్లో తిరిగొచ్చాం. అతను స్ట్రెచర్ మీద, మాకంటే పన్నెండు రోజులు ఆలస్యంగా. తర్వాత రెండేళ్లకు నేను ఆర్మీ వదిలేశాను. మంచి కారు కంపెనీలో పని. అతను ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

నాకు కనిపించేది అతని ముఖం కాదు. ప్రమాదం జరిగిన సాయంత్రం నేనొక్కణ్ణే టేపు పట్టుకుని ఆ వాలు దగ్గరికి వెళ్లాను. గులకమట్టిలో టైరు అచ్చు, ఒక్కో గుబ్బా విడివిడిగా, చెక్కినట్టుంది. బ్రేకు పడి చక్రం ఈడ్చుకుపోయిన గుర్తు ఎక్కడా లేదు. పైనుంచి బండరాయి దాకా తిన్నగా ఒకే గీత.

తొంభై నాలుగు మీటర్లు.